మందు కొట్టని వేరుశనగలో విషం ఎలా వచ్చింది? అఫ్లాటాక్సిన్ గురించి నేను నేర్చుకున్నది



పోయిన వీడియోలో మేము వేరుశనగ కట్టెను పీకిన వెంటనే తలకిందులుగా తిప్పి, కాయలు పైకి ఎండ తగిలేటట్టు వరుసలుగా పేర్చడం చూపించాను కదా. "ఎందుకన్నా అంత చాకిరీ, మామూలుగా కుప్పేస్తే పోలేదా" అని చాలామంది అడిగారు. ఇంకొకాయన, "బూజు విషం అంటున్నారు, మన ప్రకృతి వ్యవసాయంలో విషం ఎక్కడిది సార్, అది రసాయనాలు వాడేవాళ్ల సమస్య కదా" అన్నాడు. మూడేళ్ల కిందటి దాకా నేనూ అచ్చం ఇలాగే అనుకున్నా. అది ఎంత తప్పో నాకు ఖర్చయి తెలిసింది. పది నిమిషాల వీడియోలో చెప్పేంత చిన్న సంగతి కాదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

మాది అనంతపురం జిల్లా. ఎర్రనేల, వాన మీదే ఆధారం. మా వైపు వేరుశనగను బుడ్డలంటాం. పొలంలో రసాయన ఎరువు గానీ పురుగుమందు గానీ పడి అప్పటికి ఆరేళ్లు దాటింది. బెంగళూరులో సేంద్రియ సరుకు అమ్మే ఒకాయన మా పంట చూసి, యార్డు ధర కన్నా బాగా ఎక్కువిచ్చి, 50 కిలోల సంచులు 22 గింజలు తీసుకుంటానన్నాడు. ముందు సాంపిల్ ల్యాబుకు పంపాలన్నాడు. పంపాం. ఎంత ధీమాగా పంపానంటే, రిపోర్టు రాగానే దాన్ని ఫ్రేం కట్టించుకోవాలని ఇంట్లో చెప్పా కూడా.

రిపోర్టు రెండు పేజీలు వచ్చింది. మొదటి పేజీ నిండా పురుగుమందుల పేర్లు, ప్రతి దాని ఎదురుగా "కనుగొనబడలేదు" అని ఉంది. చదువుతుంటే ఛాతీ ఉబ్బింది. రెండో పేజీలో ఒకే ఒక్క వరుస. మొత్తం అఫ్లాటాక్సిన్లు: కిలోకు 46 మైక్రోగ్రాములు. ఉండాల్సిన గరిష్ఠ పరిమితి 15. సరుకు వద్దన్నాడు.

ల్యాబ్ వాళ్లే ఏదో పొరపాటు చేశారనుకున్నా మొదట. తర్వాత, ఎవడో కావాలని చేశాడనుకున్నా. మాకు తెలిసిన దళారి ఒకతను, "దానికేం బాధపడతావు, యార్డులో వేసెయ్, అక్కడ ఎవరూ పరీక్ష చెయ్యరు, లేదంటే నూనె ఆడించెయ్" అన్నాడు. ఆ మాట విన్నాకే నాకు భయమేసింది. ఎందుకంటే అదే పంటలో మూడు సంచులు అప్పటికే గానుగ ఆడించి, నూనె ఇంట్లో వాడుతున్నాం. చెక్క రోజూ కిలో చొప్పున ఆవుకు పెడుతున్నాం. ఆ ఆవు పాలు తాగేది మా రెండేళ్ల మనవడు.

అక్కడి నుంచి మొదలైంది నా చదువు.

టర్కీ కోళ్ల నుంచి దొరికిన విషం

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు కొన్ని నెలల్లో చచ్చిపోయాయి. రోగం ఏమిటో తెలియక దానికి "టర్కీ ఎక్స్ వ్యాధి" అని పేరు పెట్టారు. వెతుక్కుంటూ పోతే అన్ని ఫారాల్లోనూ కలిసిన దాణా ఒక్కటే తేలింది. అది బ్రెజిల్ నుంచి దిగుమతైన వేరుశనగ చెక్క. ఆ చెక్కలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు ఉంది, ఆ బూజు తయారుచేసిన విషం ఉంది. 'ఆస్పర్జిల్లస్'లో మొదటి అక్షరం, 'ఫ్లేవస్'లో మొదటి ముక్క, దానికి టాక్సిన్ కలిపి అఫ్లాటాక్సిన్ అన్నారు. అంటే ఈ విషం లోకానికి తెలిసిందే మన బుడ్డల చెక్క వల్ల.

మన దేశం సంగతి ఇంకా దగ్గరిది. 1974 చివర్లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ ప్రాంతాల గిరిజన గ్రామాల్లో కామెర్లు, పొట్టలో నీరు చేరడం మొదలైంది. ఊళ్లో కుక్కలకు కూడా అవే లక్షణాలు. సుమారు 400 మంది జబ్బుపడితే 106 మంది చనిపోయారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి చూశారు. వాళ్లు తిన్నది మొక్కజొన్న. పంట కోత సమయంలో అకాల వానలకు తడిసి, సరిగ్గా ఆరక బూజు పట్టిన మొక్కజొన్న. అందులో కిలోకు 6 నుంచి 15 మిల్లీగ్రాముల దాకా అఫ్లాటాక్సిన్ ఉంది. ఇప్పటి పరిమితికి అది కొన్ని వందల రెట్లు. ఆ వివరాలు 1975లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. కెన్యాలో 2004లో కూడా ఇలాగే మొక్కజొన్న తిని 317 మంది జబ్బుపడి 125 మంది పోయారు.

రెండు చోట్లా పండించిన వాళ్లే తిని చనిపోయారు. ఎవరో బయటివాడు కల్తీ చేసింది కాదు. వాళ్ల ఇంటి గింజే, వాళ్ల గాదెలోదే.

ఇలా ఒక్కసారిగా ప్రాణం తీసేంత మోతాదు అరుదు. మనకు ఎదురయ్యేది కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి లోపలికి పోయేది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం అఫ్లాటాక్సిన్లను ఒకటో వర్గంలో పెట్టింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైనవాటిలో. దెబ్బ పడేది కాలేయం మీద. హెపటైటిస్-బి ఉన్నవాళ్లకు ప్రమాదం దాదాపు 30 రెట్లు ఎక్కువని అంచనా. పశ్చిమ ఆఫ్రికాలో చిన్నపిల్లల మీద చేసిన అధ్యయనాల్లో రక్తంలో ఈ విషం ఎక్కువున్న పిల్లలు ఎత్తు తక్కువ ఉండటం కూడా కనిపించింది.

పీపీబీ అంటే ఎంత?

రిపోర్టులో 'కిలోకు మైక్రోగ్రాములు' అన్నా, పీపీబీ అన్నా ఒకటే. వంద కోట్ల వంతుల్లో ఒక వంతు. నా 22 సంచుల్లో, అంటే 1100 కిలోల్లో, 46 పీపీబీ అంటే మొత్తం విషం 50 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పు కన్నా చాలా తక్కువ. అంత కొంచెం విషానికి టన్ను సరుకు పోయింది.

మన దేశంలో పరిమితులు ఇలా ఉన్నాయి. నేరుగా తినడానికి సిద్ధంగా ఉన్న పల్లీలకు 10, ఇంకా శుభ్రం చేసి ప్రాసెస్ చేయాల్సిన వాటికి 15, మసాలా దినుసులకు 30. యూరప్‌లో నేరుగా తినే వేరుశనగకు 4 మాత్రమే. అందుకే మన సరుకు అక్కడి ఓడరేవుల దాకా వెళ్లి తిరిగొస్తుంటుంది.

ఇంకో విషయం. ఈ విషం సంచి అంతా సమానంగా పరుచుకుని ఉండదు. వెయ్యి గింజల్లో తొమ్మిది వందల తొంభై పైచిలుకు శుభ్రంగా ఉంటాయి, ఏ ఒకటో రెండో దారుణంగా ఉంటాయి. ఒకే గింజలో పది లక్షల పీపీబీ కూడా కొలిచారు. అలాంటి అర గ్రాము గింజ ఒక్కటి పది కిలోల్లో పడితే ఆ పది కిలోల సగటు 50 పీపీబీ. నాది 46, గుర్తుంది కదా. అంటే పది కిలోలకు ఒక్క చెడ్డ గింజ చాలు నన్ను ఫెయిల్ చెయ్యడానికి. ఈ లెక్క అర్థమయ్యాక ల్యాబ్ మీద కోపం పోయింది, ఏరడం మీద నమ్మకం వచ్చింది.

పొలంలోనే మొదలవుతుంది

గోడౌన్‌లో తేమ వల్ల వస్తుందని చాలామంది అనుకుంటారు. సగమే నిజం. ఈ బూజు నేలలోనే ఉంటుంది. పాత కట్టె ముక్కల మీద, ఎండిపోయిన ఆకుల మీద బతుకుతుంది. రసాయనాలు వేసిన నేలలోనూ ఉంటుంది, జీవామృతం పోసిన నేలలోనూ ఉంటుంది. వేరుశనగ ఊడ భూమిలోకి దిగి కాయ నేలలో పెరుగుతుంది కాబట్టి, ఆ బూజు మధ్యలోనే మన కాయ ముదురుతుంది.

మరి ప్రతి ఏడూ విషం ఎందుకు రాదు? కాయకు తన రక్షణ ఉంది. గింజలో తగినంత నీరు ఉన్నంతకాలం, బూజు తాకగానే గింజ ఫైటోఅలెక్సిన్లు అనే పదార్థాలు తయారుచేసుకుని దాన్ని ఆపేస్తుంది. ఆఖరి నెల, నెలన్నరలో వాన లేక నేల ఎండిందనుకోండి, గింజలో నీరు తగ్గుతుంది, ఆ రక్షణ పనిచేయదు. అదే సమయంలో కాయల చుట్టూ నేల 28 నుంచి 31 డిగ్రీల వేడిలో ఉంటుంది, బూజుకు అది పండగ. దానికి తోడు చెదలు కొరికిన కాయ, వేరుపురుగు తొలిచిన కాయ, గుంటక తగిలి పగిలిన కాయ ఉంటే తలుపు తీసి పిలిచినట్టే.

మా అనంతపురం వర్షాలు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. ఆ ఏడాది సెప్టెంబరులో నాలుగు వారాలు చుక్క పడలేదు. అక్టోబరులో కట్టె పీకి కుప్పలేసిన మర్నాడే ముసురు పట్టింది, ఐదు రోజులు కుప్పలు తడుస్తూనే ఉన్నాయి. పరిశోధకులు ప్రయోగం కోసం కావాలని పెట్టినా అంతకన్నా బాగా కుదరదు.

ఇక్కడ మన పద్ధతికి బలం కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. సేంద్రియ పదార్థం ఎక్కువున్న నేల తేమ పట్టి ఉంచుతుంది, ఆచ్ఛాదన వేసిన నేల అంతగా వేడెక్కదు. ఆ రెండూ చివరి నెల బెట్టను తట్టుకోవడానికి పనికొస్తాయి. పశ్చిమ ఆఫ్రికాలో ఇక్రిశాట్ చేసిన ప్రయోగాల్లో పశువుల ఎరువు, పంట వ్యర్థాలు, సున్నం వేసిన చోట అఫ్లాటాక్సిన్ తగ్గింది. నీటికుంట ఉన్నవాళ్లు కాయ ఊరే దశలో ఒక్క రక్షక తడి ఇవ్వగలిగితే దాన్ని మించింది లేదు.

జిప్సం గురించి మనలో పేచీ ఉంది. బయటి నుంచి ఏదీ తేకూడదనే వాళ్లు జిప్సం వద్దంటారు. నేను వేస్తున్నా. ఊడలు దిగే సమయంలో ఎకరాకు 200 కిలోలు. అది గనిలో తవ్వి తీసిన ఖనిజం, సేంద్రియ ధృవీకరణలో కూడా అనుమతి ఉంది. కాల్షియం అందితే పొట్టు గట్టిపడుతుంది, గింజ నిండుగా వస్తుంది, బూజు లోపలికి పోవడం కష్టమవుతుంది. మా నేలల్లో అది తక్కువ. నియమం కోసం గింజను పణంగా పెట్టే ఓపిక నాకు లేదు. మీకు వేరే అభిప్రాయం ఉంటే గౌరవిస్తా. ట్రైకోడెర్మాను మాగిన పశువుల ఎరువులో కలిపి చల్లడం మాత్రం ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఆఫ్రికాలో ఇంకో పని చేస్తున్నారు, వింటే మన వాళ్లకు నచ్చుతుంది. ఈ ఫ్లేవస్ బూజులోనే విషం తయారుచేయలేని రకాలు కొన్ని సహజంగా ఉన్నాయి. వాటిని అక్కడి నేలల్లోనుంచే ఏరి, మొలకెత్తని జొన్న గింజలకు పట్టించి, పూతకు రెండు మూడు వారాల ముందు హెక్టారుకు 10 కిలోలు చల్లుతారు. విషం లేని బూజు ముందే చోటు ఆక్రమించేస్తుంది, విషపు బూజుకు చోటుండదు. దాని పేరు అఫ్లాసేఫ్. నైజీరియా, కెన్యా లాంటి దేశాల్లో విషం 80 శాతానికి పైగా తగ్గింది. ఒక సూక్ష్మజీవిని ఇంకో సూక్ష్మజీవితో అదుపు చెయ్యడం, మనం రోజూ మాట్లాడే మాటే కదా.

పీకిన రోజు నుంచి లెక్క

నేను నేర్చుకున్న వాటిలో నా పంటకు ఎక్కువ మేలు చేసింది ఈ భాగం.

కోత ఆలస్యం చేయకూడదు. మొక్కలు పచ్చగానే ఉన్నాయని ఆగితే లోపల కాయ ముదిరిపోతుంది. అక్కడక్కడ నాలుగు మొక్కలు పీకి కాయ పగలగొట్టి చూడండి. పొట్టు లోపలి గోడ ముదురు రంగుకు మారిన కాయలు నూటికి 75, 80 ఉంటే పీకేయడమే. కుళ్లు తెగులుతో ముందే చచ్చిపోయిన మొక్కల కాయలు విడిగా పెట్టండి, ఎక్కువ విషం ఉండేది వాటిలోనే. అలాగే పరిగె. పీకిన తర్వాత నేలలో మిగిలి, పది రోజులాగి ఏరిన కాయ. మా ఇంట్లో ఇదివరకు పరిగె కాయ తెచ్చి అసలు రాశిలోనే పోసేవాళ్లం, రెండు సంచులు ఎక్కువొస్తాయని. ఇప్పుడు పొయ్యం.

అప్పుడే పీకిన కాయలో 35 నుంచి 50 శాతం తేమ ఉంటుంది. గింజలో అది 7, 8 శాతానికి దిగితేగానీ బూజు ఆగదు. ఈ రెండు అంకెల మధ్య ఎన్ని రోజులు గడిస్తే బూజుకు అన్ని రోజులు దొరికినట్టు. పెద్ద కుప్ప వేస్తే లోపల వేడెక్కి ఆవిరి పట్టేస్తుంది. అందుకే కాయలు పైకి, ఆకు కిందికి ఉండేలా మొక్కను తిప్పి వరుసల్లో పేర్చడం. గాలి ఆడుతుంది, కాయ నేలకు తగలదు. ఒక మనిషి అదనపు కూలి అవుతుంది, అంతే. వాన సూచన ఉంటే పరదాలు సిద్ధంగా పెట్టుకోండి, కానీ వాన వెలవగానే తీసెయ్యాలి. పరదా కిందే రెండు రోజులు ఉంచితే తడిసిన దానికన్నా ఘోరం.

కాయ తెంపాక కూడా మట్టి నేల మీద ఆరబోయకండి. పట్టా మీదే, నాలుగు వేళ్ల మందం మించకుండా, రోజుకు మూడు నాలుగు సార్లు తిరగేస్తూ ఆరబెట్టాలి. ఆరిందని ఎలా తెలుస్తుంది? చెవి దగ్గర ఆడిస్తే గలగలమనాలి, గింజ కొరికితే ఠప్పున విరగాలి, పైపొర రుద్దితే ఊడాలి. ఇవి పెద్దవాళ్లు చెప్పినవి, పనికొస్తాయి. కానీ నేను ఇంకో పని చేస్తా. ఒక బుట్ట కాయను విడిగా పెట్టి రోజూ సాయంత్రం తూకం వేస్తా. వరుసగా రెండు రోజులు తూకం తగ్గకపోతే ఇక ఎండలో పోయేది లేదని అర్థం. ఇప్పుడు మా ఊళ్లో ఆరుగురం కలిసి తేమ మీటరు ఒకటి కొన్నాం, దాంతో సరిచూసుకుంటాం.

మిల్లులో కాయ ఒలిపించేటప్పుడు దగ్గర నిలబడండి. పప్పు విరగకుండా ఉండాలని కాయ మీద నీళ్లు చల్లుతారు. పది రోజులు మనం పడ్డ కష్టం ఒక్క బకెట్టు నీళ్లతో పోతుంది. ఒలిచిన గింజకన్నా కాయగా నిల్వ చేయడమే మేలు, పొట్టే దానికి కవచం. సంచులు నేలకు, గోడకు తగలకుండా చెక్కల మీద పెట్టాలి. వేపాకు వెయ్యడం మంచిదే, పురుగు తగ్గుతుంది, పురుగు కొట్టిన గింజకే బూజు తొందరగా పడుతుంది. కానీ పచ్చిగా ఉన్న కాయలో వేపాకు వేసి బూజు రాదనుకోకండి.

మిరప, మొక్కజొన్న వేసేవాళ్లకూ ఇదే బూజు, ఇదే లెక్క. మిర్చి కళ్లాల్లో మట్టి మీద ఆరబోసి మంచు పడుతున్నా కప్పకుండా వదిలేయడం చూస్తుంటా. దాని మీద విడిగా వీడియో చేస్తా.

ఇంట్లో వేపితే, వండితే పోదా?

పోదు. అఫ్లాటాక్సిన్ వేడికి చాలా గట్టిది. ఉడకబెడితే దాదాపు ఏమీ కాదు. వేయిస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. రుచిలో చేదు తెలుస్తుందంటారు. ముక్కిపోయిన గింజ చేదు వేరు, ఈ విషానికి రుచి లేదు, వాసన లేదు. బూజు కంటికి కనిపించని గింజలోనూ ఉండొచ్చు.

నూనె సంగతి చాలామందిని ఇబ్బంది పెడుతుందని తెలుసు, మనలో సగం మంది గానుగ నూనె అమ్ముకుని బతుకుతున్నాం. గింజ నూనె ఆడిస్తే విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది. కానీ గానుగ నూనె శుద్ధి చేయనిది, అందులో చెక్క నలుసులు ఉంటాయి, వాటితో కొంత విషం వస్తుంది. రిఫైనరీలో క్షారంతో కడిగినప్పుడు అది పోతుంది, మనం అలా కడగం. కాబట్టి గానుగలో పోసే గింజ, తినే గింజంత శుభ్రంగా ఉండాలి. ఏరి పారేసిన నాసిగింజను నూనెకు పంపే అలవాటు ఉంది చూశారూ, దాన్ని మనం మానుకోవాలి. నూనె తేరేదాకా ఆగి, అడుగు మడ్డి వదిలేసి, పైది బాగా వడగట్టాలి. పాతకాలంలో నూనెను ఎండలో పెట్టి తేర్చేవాళ్లు. మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 1970లలో వేరుశనగ నూనెకు ఎండ తగిలితే అందులోని అఫ్లాటాక్సిన్ విరిగిపోతుందని చూపించారు కూడా. దీన్ని చెడ్డ గింజకు మందుగా వాడుకోకండి. ఎక్కువ ఎండలో నూనె తొందరగా ముక్కుతుంది, చెక్కకైతే ఎండ లోపలి దాకా చేరదు.

ఇక మా ఆవు, మా మనవడి సంగతి. ఆవు ఈ విషం తింటే అది ఎం1 అనే రూపంలో పాలలోకి వస్తుంది, ఒక్క రోజులోనే. తిన్నదాంట్లో మామూలుగా ఒకటి రెండు శాతం. మంచి పాడి ఉన్న ఆవుల్లో ఇంకా ఎక్కువ. కూర్చుని లెక్కేశా. గింజలో 46 ఉంటే, నూనె పోయాక చెక్కలో సుమారు 77. రోజుకు కిలో చెక్క, అంటే 77 మైక్రోగ్రాములు. అందులో ఒకటి రెండు శాతం, మా నాటు ఆవు ఇచ్చే నాలుగు లీటర్లలో. లీటరుకు 0.2 నుంచి 0.4 దాకా వస్తుంది. మన దేశంలో పాలకు పరిమితి 0.5. గట్టెక్కాం అనుకుంటుండగానే యూరప్ పరిమితి చూశా, 0.05. పసిపిల్లల పాలపొడికైతే 0.025. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. మా ఆవిడ ఒక్కటే అంది, "బయటి పాలు కల్తీ అని ఇంటి ఆవు పాలు పట్టించా కదయ్యా."

మంచి సంగతి ఏమిటంటే దాణా మానేస్తే మూడు నాలుగు రోజుల్లో పాలు శుభ్రపడతాయి. ఆ సాయంత్రమే చెక్క మానేశాం, వారం రోజులు పాలు పిల్లాడికి ఇవ్వలేదు. మిగిలిన చెక్కను తోట మూలలో గుంత తీసి పూడ్చేశాం. మీ దగ్గర బూజు పట్టిన చెక్క, దాణా ఉంటే "పశువే కదా" అని పెట్టకండి. మళ్లీ గ్లాసులో మన దగ్గరికే వస్తుంది.

ఆ 22 సంచులు ఏమయ్యాయి

యార్డుకు వెయ్యలేదు. ఊళ్లో నలుగురు ఆడవాళ్లను పిలిచి, మా ఆవిడతో కలిపి ఐదుగురు, ఆరు రోజులు కూర్చుని గింజ గింజా ఏరారు. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పైపొర చిట్లినవి, పురుగు కొట్టినవి, బూజు ఛాయ ఉన్నవి అన్నీ పక్కకు. నాలుగు సంచులు పోయాయి. మిగిలిన 18 సంచుల నుంచి మళ్లీ సాంపిల్ పంపితే 8 వచ్చింది. ఆయన తీసుకున్నాడు. కూలి, రెండు పరీక్షల ఖర్చు తీసేస్తే యార్డు ధర కన్నా కొద్దిగా మాత్రమే మిగిలింది. పక్కన పెట్టిన నాలుగు సంచుల కోసం నూనె మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. అవీ అదే గుంతలోకి పోయాయి. ఆ రోజు మా తమ్ముడు నాతో మాట్లాడలేదు, డబ్బు మట్టిలో పోస్తున్నావని.

సాంపిల్ తీయడం గురించి ఒక మాట. గుప్పెడు గింజలు కవర్లో పోసి పంపితే ఆ రిపోర్టుకు విలువ లేదు, ఇందాక చెప్పిన ఒక్క గింజ లెక్క వల్ల. ప్రతి సంచిలోనూ పైన, మధ్యన, అడుగున కొంచెం కొంచెం తీసి, అన్నీ కలిపి ఐదారు కిలోలు చేసి, అంతా పొడి చేసి కలిపి, ఆ పొడి నుంచి పరీక్షకు పంపాలి. ఒక్కరికి ఖర్చు ఎక్కువనిపిస్తే పదిమంది కలిసి సంఘంగా చేయించుకోండి, కానీ ఎవరి సరుకు వారిదిగా పరీక్ష చేయించాలి. అందరిదీ కలిపేస్తే ఒకరి చెడ్డ గింజకు పదిమందీ ఫెయిలవుతారు.

ఈసారి మా కోత అక్టోబరు మూడో వారంలో ఉంటుంది. ఆరబెట్టేటప్పుడు రోజువారీ బుట్ట తూకం, తేమ మీటరు అంకెలు వీడియో తీసి పెడతా. మీ ఊళ్లో ఎలా ఆరబెడుతున్నారో, తడిసిన ఏడాది ఏం చేశారో కింద రాయండి.